కరెంటు పోతే ల్యాండ్‌లైన్ ఎందుకు మూగబోతోంది?

ప్రశ్న: మాది కావలి. మా ఇంట్లో పాతికేళ్లకు పైగా ల్యాండ్‌లైన్ ఉంది. గాలివానకు కరెంటు పోయి ఊరంతా చీకటైన రాత్రుల్లో కూడా అది మోగేది. నిరుడు పాత తీగ తీసేసి, అదే నంబరు మీద ఫైబరు కనెక్షన్ ఇచ్చారు. అప్పటినుంచి కరెంటు పోతే చాలు, ఫోన్ మూగబోతోంది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి గానీ ఫోన్ పనిచేయదు. మా అత్తగారికి సెల్‌ఫోన్ అలవాటు లేదు. లోపం ఫోన్‌దా, లైనుదా? మళ్లీ పాత లైనే వేయించుకోమంటారా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: లోపం రెండింటిలోనూ లేదు. పాత ఫోన్‌కు కరెంటే అక్కర్లేదని మనమందరం అనుకునేవాళ్లం గానీ, దానికీ కరెంటు కావలసిందే. కాకపోతే అది మీ మీటరు నుంచి కాకుండా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి వచ్చేది. ఎక్స్ఛేంజీలో ఒక్కొక్కటి 2 వోల్టులుండే 24 లెడ్ యాసిడ్ సెల్స్‌ను వరుసగా కలిపి 48 వోల్టుల డీసీ కరెంటును ఎల్లవేళలా సిద్ధంగా ఉంచుతారు, వాటికి వెనుక దన్నుగా డీజిల్ జనరేటర్ ఉంటుంది. మీ ఇంటికి వచ్చే రెండు రాగి తీగల మీద మాటతో పాటు ఆ కరెంటు కూడా వచ్చేది. రిసీవర్ ఎత్తి మాట్లాడేటప్పుడు ఫోన్ తీసుకునేది 20 నుంచి 40 మిల్లీయాంపియర్లు మాత్రమే కనుక, ఆ బ్యాటరీలు ఊరి ఫోన్లన్నింటినీ గంటల తరబడి మోయగలిగేవి. గంట మోగించడానికి మాత్రం అక్కడినుంచే సుమారు 75 వోల్టుల ఏసీ పంపేవారు. లైను సరిచేస్తున్న లైన్‌మన్‌కు సరిగ్గా అప్పుడే కాల్ వస్తే చేయి జివ్వుమనడానికి కారణం అదే.

ఫైబరు అంటే సన్నని గాజుపోగు. దానిలో వెలుగు తప్ప కరెంటు పారదు. ఆ వెలుగును తిరిగి మాటగా మార్చే పని మీ ఇంటి గోడకు బిగించిన చిన్న పెట్టె చేస్తుంది. దానినే ఓఎన్‌టీ అని, వాడుకలో మోడెం అని అంటున్నారు. మీ ఫోన్ తీగ ఇప్పుడు ఆ పెట్టె వెనుక సాకెట్‌లో ఉంది, ఫోన్‌కు కావలసిన వోల్టేజీని, గంట మోగించే వోల్టేజీని ఆ పెట్టే తయారుచేస్తోంది. అంటే ఒకప్పుడు ఎక్స్ఛేంజీ మోసిన భారం మీ ఇంటి ప్లగ్గు మీదికి వచ్చిందన్నమాట. కనెక్షన్ ఇచ్చిన రోజున ఈ ఒక్క మాట చెప్పి ఉంటే మీకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

ఇక ఇన్వర్టర్ ఉన్నా ఫోన్ ఎందుకు ఆగిపోతోందంటే, చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను లైట్లకు, ఫ్యాన్లకు మాత్రమే ఇచ్చి, టీవీ దగ్గరి ప్లగ్గును వదిలేస్తారు. ఫైబరు పెట్టెను తెచ్చి సరిగ్గా ఆ ప్లగ్గుకే తగిలిస్తారు. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లాగించండి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 70, 75 వాట్లు తీసుకుంటే ఈ పెట్టె పది వాట్లకు అటూ ఇటూగా తీసుకుంటుంది కనుక, బ్యాటరీ త్వరగా అయిపోతుందన్న బెంగ అక్కర్లేదు. రూటర్ విడిగా ఉండి ఫోన్ దానికే కలిపి ఉంటే, రెండు అడాప్టర్లనూ ఆ లైను మీదే పెట్టించాలి. కరెంటు పోయినప్పుడల్లా పెట్టె ఒకసారి ఆరిపోయి మళ్లీ మొదలవుతుంటే, ఇన్వర్టర్ వెనుక ఉండే చిన్న స్విచ్‌ను యూపీఎస్ వైపు పెట్టి చూడండి.

వైరింగ్ కదిలించడం ఇష్టం లేకపోతే, పెట్టెకూ అడాప్టర్‌కూ మధ్య పెట్టే, లోపల బ్యాటరీ ఉన్న చిన్న డీసీ యూపీఎస్‌లు బజారులో దొరుకుతున్నాయి. కొనేముందు అడాప్టర్ మీద ముద్రించి ఉన్న వోల్టులు, యాంపియర్లు చదివి, వోల్టులు సరిగ్గా అంతే, యాంపియర్లు అంతకు తగ్గకుండా ఉన్నది తీసుకోండి. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేసే మిల్లీయాంపియర్ అవర్ల అంకెను చూసి మురిసిపోవద్దు. అది సాధారణంగా లోపలి బ్యాటరీ సెల్ వోల్టేజీ అయిన 3.7 వోల్టుల దగ్గర కట్టిన లెక్క. 8,000 అని ఉంటే అసలు శక్తి 30 వాట్-అవర్లకు మించదు, నష్టాలు పోను 8 వాట్ల పెట్టెను మూడు గంటలు నడిపితే గొప్పే.

ఇంత చేసినా ఫోన్ పలకకపోతే పెట్టె మీది దీపాలు చూడండి. ఒక్క దీపమూ లేదంటే లోపం మీ ఇంట్లోనే, కరెంటు అందడం లేదు. ఎల్ఓఎస్ అనే చోట ఎర్రదీపం వెలిగిందంటే బయటినుంచి వెలుగు రావడం లేదు, మీ బ్యాటరీలు ఏమీ చేయలేవు. దారిలో లైనును పంచే స్ప్లిటర్‌కు కరెంటు అవసరం లేదు గానీ, అవతలి కొసన సిగ్నల్ పంపే యంత్రానికి కావాలి. ఆ యంత్రం పెద్ద ఎక్స్ఛేంజీలో ఉంటే సరే, ఏ చిన్న గదిలోనో ఉండి అక్కడి బ్యాటరీ అయిపోతే వీధి వీధంతా ఆగిపోతుంది. అందుకే కంపెనీవారిని అడగవలసిన ప్రశ్న, వారి వైపు బ్యాకప్ ఎన్ని గంటలకు ఉందని.

పాత లైను సంగతి. రాగి కేబుళ్ల నిర్వహణ తగ్గిపోతున్న ఈ రోజుల్లో, ఇచ్చేవారున్నా అది మునుపటిలా పనిచేస్తుందని నేను నమ్మను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటినటువంటి తుపాను వస్తే స్తంభాలే కూలిపోతాయి, వాటి మీద వేలాడేది రాగైనా గాజైనా ఒకటే. మామూలు కరెంటు కోతలకైతే ఇన్వర్టర్ లైను చాలు.

ప్రశ్న: మాది ఇంకా రాగి తీగ లైనే. అయినా కరెంటు పోతే కార్డ్‌లెస్ ఫోన్ పనిచేయడం లేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: లైను బతికే ఉంటుంది, ఆగేది మీ కార్డ్‌లెస్ ఫోన్ బేస్. చేతిలోని ఫోన్‌కు బ్యాటరీ ఉన్నా, అది రేడియో తరంగాలతో మాట్లాడేది బేస్‌తోనే. ఆ బేస్ గోడ ప్లగ్గు మీద నడుస్తుంది. అడాప్టర్ అవసరం లేని మామూలు తీగ ఫోన్‌ను ఒకదాన్ని అదే లైనుకు సమాంతరంగా కలిపి ఉంచండి.