గాలి పరుపు కింద చెయ్యి పెట్టి చూడు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి సౌభాగ్యవతి బంగారు తల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు మాట్లాడినంతసేపూ నీ గొంతు వణుకుతూనే ఉంది. అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయింది, ఎల్లుండి ఇంటికి పంపిస్తున్నారు, చీటీ మీద ‘ఎయిర్ బెడ్’ అని రాసిచ్చారు. ఏ రకం కొనాలో, ఎలా పరచాలో, ఎంత గాలి ఉండాలో ఒక్కరూ చెప్పలేదన్నావు. ఫోన్లో చెబితే సగం జారిపోతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేశాను, ఆ తర్వాత మీ పెదనాన్నని ఆరేళ్ళు మంచం మీద చూసుకున్నాను. వార్డులో నేర్చుకున్నదానికంటే ఆయన దగ్గర పొరపాట్లు చేసి నేర్చుకున్నదే ఎక్కువ. ఆ పొరపాట్లు నువ్వు మళ్ళీ చెయ్యక్కర్లేదు.

కదలలేక మంచం మీదే ఉండేవాళ్ళకి ఒంటి మీద పుండ్లు పడకుండా ఉండటానికే ఆ ఎయిర్ బెడ్, అంటే గాలి పరుపు. ముందు ఆ పుండు ఎలా పడుతుందో తెలుసుకో. మనం నిద్రలో మనకు తెలియకుండానే అటూ ఇటూ పొర్లుతుంటాం. ఎముకకీ మంచానికీ మధ్య నలిగిన చోట రక్తం ఆడక ఇబ్బందిగా ఉంటే ఒళ్ళు తనంతట తనే కదులుతుంది. మీ అత్తగారి ఎడమ పక్కకి ఇప్పుడా కబురు అందదు. బీపీ 120, 80 అని చూస్తాం కదా, అదే లెక్కలో చర్మం కింద ఉండే సన్నటి నాళాల్లో ఒత్తిడి 32 దరిదాపుల్లోనే ఉంటుందని మాకు ట్రైనింగులో చెప్పేవారు. గట్టి కుర్చీలో కూర్చుంటే పిరుదుల ఎముకల కింద పడే ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. గంటల తరబడి అలాగే ఉండిపోతే లోపలి కండ ముందు చచ్చిపోతుంది, పై చర్మం ఆ తర్వాత తెరుచుకుంటుంది. పైకి రూపాయి బిళ్ళంత కనిపించే పుండు లోపల గుప్పెడంత ఉండొచ్చు.

గాలి పరుపు ఆ బరువుని ఒక్క ఎముక మీద పడనివ్వకుండా ఒళ్ళంతా పంచుతుంది. అలా పంచాలంటే ఒళ్ళు అందులోకి కాస్త దిగాలి. గాలి బిగించి ఎక్కిస్తే ఒళ్ళు దిగదు, బల్ల మీద పడుకున్నట్టే ఉంటుంది. తక్కువైతే ఎముక వెళ్ళి కింది మంచానికి ఆనుతుంది. ఈ రెంటికీ మధ్యన ఎక్కడ ఆపాలో చెప్పగలిగేది నీ చెయ్యి ఒక్కటే.

షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి బుడగలది, చవక, ఎత్తు తక్కువ. రెండోది అడ్డంగా వరసగా గొట్టాలు ఉండేది. మీ అత్తగారు మంచి ఒళ్ళున్న మనిషి, లేవలేని స్థితి కూడానూ, అందుకని గొట్టాలదే తీసుకో. ఒక గొట్టం చిరిగినా అదొక్కటే మార్చుకునే వీలుంటుందేమో అడుగు. మోటారు ఒక వరస గొట్టాల్లో గాలి నింపుతూ పక్క వరసలో తగ్గిస్తుంది, కొన్ని నిమిషాలకి అటుదిటు మారుస్తుంది. దాంతో ఒకే చోట ఒత్తిడి నిలవదు. వాటర్ బెడ్డు కొనమని ఎవరైనా అంటే వద్దను. బరువు, మనిషిని ఒరిగించడం కష్టం, నీళ్ళు మార్చడం ఇంకో పని. నాకైతే దానితో ఎప్పుడూ సుఖం కనబడలేదు.

నడుం కింద పెట్టుకోమని గుండ్రంగా, మధ్యలో కన్నం ఉన్న గాలి ట్యూబు ఇస్తారు, అది మాత్రం ముట్టుకోకు. పెదనాన్నకి నేనే తెచ్చాను. పుండు పడే చోట గాల్లో తేలుతుంది కదా, మంచిదే అనుకున్నాను. నాలుగు రోజులకి ఆ కన్నం చుట్టూరా చర్మం నల్లబడింది. ట్యూబు అంచు రక్తాన్ని చుట్టూ నొక్కేస్తే మధ్యలో ఉన్న చర్మానికి తిండి ఎక్కడినుంచి వస్తుంది? అంతకాలం నర్సుగా చేసి ఆ మాత్రం ఆలోచించలేదని ఇప్పటికీ బాధపడతాను.

పరుపు ఒట్టి మంచం మీద వెయ్యొద్దు. మామూలు పరుపు మీద పరిచి, తల వైపూ కాళ్ళ వైపూ ఉండే రెక్కల్ని కిందికి మడిచి దోపు. మోటారుని కాళ్ళ వైపు మంచానికి తగిలించు. నేల మీద పెడితే తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్ళు తగులుతాయి, కాలు తగిలి ట్యూబు ఊడిపోతుంది. మొదటిసారి పూర్తిగా నిండడానికి అరగంట పట్టినా కంగారు పడకు. బరువుని బట్టి తిప్పే మర ఉంటుంది, మీ అత్తగారి బరువుకి పెట్టు.

ఇప్పుడు అసలు పని. ఆవిడ పడుకున్నాక, గాలి పరుపుకీ కింది పరుపుకీ మధ్యన, సరిగ్గా నడుం కింది ఎముక ఉన్న చోట, అరచెయ్యి పైకి పెట్టి లోపలికి జరుపు. నీ చేతికీ ఆవిడ ఎముకకీ మధ్య ఒక అంగుళమైనా మెత్తగా గాలి తగలాలి. ఎముక చేతికి తెలిసిపోతుంటే గాలి చాలదు, మర కొంచెం పెంచి పావుగంట ఆగి మళ్ళీ చూడు. తల వైపు ఎత్తినప్పుడు కూడా ఇంకోసారి చూడు, అప్పుడు బరువంతా నడుం మీదికే దిగుతుంది. రోజూ పొద్దున్నా రాత్రీ ఇది చెయ్యి. మోటారు మీద పచ్చదీపం వెలుగుతోంది కదా అని నమ్మకు. ట్యూబు ఎక్కడో నలిగి దీపం వెలుగుతూనే పరుపు చప్పబడిన రోజులు నేను చూశాను.

పైన ఒక్క నూలు దుప్పటి చాలు, వదులుగా. మన ఊరి చెమటకి రబ్బరు షీటు, దాని మీద బొంత, దాని మీద ఇంకో దుప్పటి వేశావంటే గాలి పరుపు ఉన్నా లేనట్టే. పైగా ఒళ్ళు ఉడికి చర్మం నానిపోతుంది. నానిన చర్మం ఇట్టే చిట్లుతుంది. డైపరు తడిస్తే వెంటనే మార్చి, గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, అద్ది ఆరబెట్టు. రుద్దకు. పౌడరు చల్లితే మడతల్లో ఉండలు కట్టి అదే గీరుకుంటుంది.

పరుపు తెచ్చినా పక్క మార్చడం మానకూడదు. రెండు గంటలకోసారి తిప్పడం పాత లెక్క, ఆవిడ చర్మం చూసి డాక్టరుగారు ఎక్కువ చెబితే సరే, అంతదాకా రెండు గంటలే. పూర్తిగా పక్కకి తిప్పేస్తే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా ఒరిగిస్తే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా చూడు, మడమల్ని అందరూ మర్చిపోతారు. కిందికి జారిపోయినప్పుడు చంకల్లో చేతులు వేసి లాగొద్దు. నడుం కింద ఒక చిన్న దుప్పటి ముందే వేసి ఉంచి, నువ్వూ ఆయా చెరో కొసా పట్టుకుని ఎత్తి జరపండి. లాగితే పై చర్మం అక్కడే ఉండిపోయి లోపలి కండ జరుగుతుంది, చాలా పుండ్లు అలాగే మొదలవుతాయి. ఆయాకి తెలుగు రాదన్నావు కదా, ఎన్నింటికి ఏ పక్కకో తమిళంలో పెద్దక్షరాలతో రాయించి మంచం పక్కన గోడకి అంటించు.

తిప్పిన ప్రతిసారీ నడుం కిందా, తుంటి దగ్గరా, మడమలూ, చెవుల వెనకా చూడు. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్ళీ రంగొస్తే ఫరవాలేదు. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియదు తల్లీ. అక్కడ చుట్టుపక్కల కంటే ముదురుగా, ఊదాగా ఉందా, ముట్టుకుంటే వెచ్చగా, గట్టిగా ఉందా చూడాలి. అలా కనబడిన చోట నూనె పెట్టి మర్దన చెయ్యాలనిపిస్తుంది, చెయ్యొద్దు, లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. ఆ చోట మీద మళ్ళీ బరువు పడకుండా చూసి, అదే రోజు డాక్టరుకి చూపించు.

కొద్దిరోజులకి కుర్చీలో కూర్చోబెట్టమంటారు. కూర్చోబెట్టు, భయపడకు. మంచానికే వదిలేస్తే మనసు కూడా మంచం పడుతుంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో మేరీ వర్గీస్ అని డాక్టరమ్మ ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోతే, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. ఆవిడ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది.

కుర్చీకి నల్లటి రబ్బరు బుడగలు వరసగా ఉండే గాలి మెత్త దొరుకుతుంది. బుడగలు పైకి ఉండాలి. ముందు గాలి ఎక్కువే కొట్టి, ఆవిడని కూర్చోబెట్టి, పిరుదుల ఎముక కింద చెయ్యి పెట్టి, మర తిప్పి మెల్లిగా గాలి వదులు. ఎముకకీ కింది అడుగుకీ మధ్య అర అంగుళం నుంచి అంగుళం మిగిలాక ఆపు. పెదనాన్నకి నేను సైకిలు ట్యూబుకి కొట్టినట్టు బిగించి కొట్టి, ఎంత గట్టిగా ఉంటే అంత ఆసరా అనుకున్నాను. వారంలో పిరుదు కింద తోలు లేచింది, మానడానికి మూడు నెలలు పట్టింది. మెత్త సరిగ్గా ఉన్నా పావుగంటకో అరగంటకో ముందుకో పక్కకో వంచి ఒళ్ళు తేలిక చెయ్యాలి. పాదాలు గాల్లో వేలాడకుండా పీట మీద ఆనాలి. మొదట్లో గంటకి మించి కూర్చోబెట్టకు. ఎప్పుడైనా తిరుమల మొక్కు తీర్చడానికి తీసుకెళ్తే కొండెక్కాక మెత్తలో గాలి మళ్ళీ చూడు. పైన బయటి గాలి ఒత్తిడి తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఇక్కడ సరిపోయినది అక్కడ బిగుసుకుంటుంది. ఎండలో నిలిపిన కారులో పెట్టినా అంతే.

తిండి సంగతి నీకు తెలిసిందే. పప్పు, పెరుగు, తింటానంటే గుడ్డు, రోజూ పడాలి. కిడ్నీ ఇబ్బంది ఉంటే ఎంతవరకో డాక్టరుగారిని అడుగు.

ఇక కరెంటు. వేలచేరిలో ఉన్నావు, వాన సంగతి నీకు నేను చెప్పాలా? 2015 డిసెంబరు వరదలప్పుడు మేం సైదాపేటలో ఉండేవాళ్ళం. కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. మొదటి రాత్రే పరుపు చప్పబడి పెదనాన్న చెక్క మీదికి దిగిపోయారు. అది తీసేసి, ఇంట్లో ఉన్న దూది పరుపులన్నీ ఒకదాని మీద ఒకటి వేసి, దిండ్లు పేర్చి, గడియారం చూసుకుంటూ గంటన్నరకోసారి తిప్పాను. మీ అన్నయ్య నాతో పాటు మేలుకుని టార్చి పట్టుకున్నాడు. ఒక్క పుండు పడలేదు. ఆ మోటారుకి చిన్న బల్బుకి పట్టేంత కరెంటే పడుతుంది, కాబట్టి ఇన్వర్టరు లైను ఉన్న ప్లగ్గుకే పెట్టించు. మోటారు ఆగినా గాలి కాసేపు నిలిచేలా ట్యూబుకి మూత ఇచ్చారేమో పెట్టెలో వెతుకు. మంచి ఫోము పరుపొకటి అటక మీద పడెయ్యకుండా అందేచోట ఉంచు.

ఆవిడ రాకముందే, రేపు సాయంత్రం పరుపు బిగించాక, నువ్వు దాని మీద పావుగంట వెల్లకిలా పడుకో. కదలకుండా పడుకో. ఎక్కడ నొక్కుతోందో, మోటారు రొద ఎంత వినిపిస్తోందో, గొట్టాలు మారేటప్పుడు నడుం కింద ఎలా ఉంటుందో నీకు తెలుస్తుంది. ఆవిడ చెప్పలేరు కదా, మాట ఇంకా ముద్దగానే వస్తోందన్నావు. పడుకుని, అబ్బాయిని పిలిచి కింద చెయ్యి పెట్టించు. వాడు కూడా నేర్చుకోవాలి, వాళ్ళమ్మే కదా.

నేను శుక్రవారం పొద్దున్నే వస్తాను. చేతి పంపు, అతుకులు వేసే సామాను నా దగ్గర ఉన్నాయి, తెస్తాను. కొనకు.

మీ పెద్దమ్మ