చిన్న కెరటాలకు ఎలాంటి సాఫ్ట్‌టాప్ కొనాలి?

ప్రశ్న: నమస్కారం అండి. నేను శాన్ డియాగోలో ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ళుగా శని, ఆదివారాల్లో లా హోయా షోర్స్‌లో, అప్పుడప్పుడూ టూర్మలీన్‌లో సర్ఫింగ్‌కి వెళ్తున్నాను. నా దగ్గరున్నది కాస్ట్‌కోలో కొన్న ఎనిమిది అడుగుల ఫోమ్ బోర్డు. బరువు 72 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. లేచి నిలబడటం, అల వెంట పక్కకి పోవడం వచ్చేశాయి కానీ తిప్పబోతే బోర్డు మాట వినదు. వేసవిలో ఇక్కడ అలలు మోకాలి నుంచి నడుము ఎత్తు వరకే. ‘హై పెర్ఫార్మెన్స్’ అని రాసున్న సాఫ్ట్‌టాప్ (పైన మెత్తటి పొర ఉండే సర్ఫ్‌బోర్డు) ఒకటి చూశాను, పొడవు 5 అడుగుల 6 అంగుళాలు, ఘనపరిమాణం 34 లీటర్లు, అడుగున రెక్కల్లాంటి మూడు ఫిన్లు. పిల్లలు కూడా నీళ్ళలో నా పక్కనే ఉంటారు కాబట్టి గట్టి బోర్డు వద్దే వద్దంటోంది మా ఆవిడ. ఇది కొనేయమంటారా?

జవాబు: వద్దండి, ఇప్పుడే వద్దు. సాఫ్ట్‌టాప్‌లోనే ఇంకో మెట్టు ఎక్కాలన్న మీ ఆలోచన బాగుంది, కానీ ఈ సైజు మరీ తొందర. మీ పాత బోర్డు 80 లీటర్ల పైమాటే ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా 34కి దిగితే తిరగడం సంగతి దేవుడెరుగు, అసలు అలే దొరకదు. చిన్న అలకి తోసే బలం తక్కువ, అది విరిగేలోపే బోర్డు ముందుగా జారడం మొదలుపెట్టాలి, ఆ పని చేసేది బోర్డు తేలుడు, మీ చేతుల బలం, ఈ రెండే. వారాంతాల్లో మాత్రమే దిగేవాళ్ళకి రెండోది ఒక్క నెలలో పెరగదు కాబట్టి మొదటిదాన్ని కాపాడుకోవాలి.

లెక్క కావాలంటే మీ బరువుని 0.6తో ఒకసారి, 0.7తో ఒకసారి గుణించండి. 43 నుంచి 50 లీటర్లు వస్తుంది. మీరు చూడాల్సింది ఆ మధ్యలోవే, ఇంకా చెప్పాలంటే 50కి దగ్గరగా ఉన్నవి, ఎందుకంటే చలికాలం వేసుకునే రబ్బరు సూటు, అదే వెట్‌సూట్, తడిసిన బరువు కూడా మీ మీదే ఉంటుంది. పొడవు ఆరున్నర నుంచి ఏడు అడుగులు, వెడల్పు 21న్నర అంగుళాలకి తగ్గకుండా. రోజూ సర్ఫ్ చేసి ఆరితేరినవాళ్ళు 0.4 దగ్గర కూడా హాయిగా నడుపుతారు, వాళ్ళని చూసి మాత్రం కొనకండి. ఇంకో మాట, లీటర్లు ఒకటే అయినా రెండు బోర్డులు ఒకేలా ఉండవు. వెడల్పుగా పలుచగా ఉన్న 45 లీటర్లు వేరు, ఇరుకుగా మందంగా ఉన్న 45 లీటర్లు వేరు. చిన్న అలలకి మొదటిదే నయం.

ఇప్పుడు అసలు విషయం. చిన్న అలల్లో పెర్ఫార్మెన్స్ అంటే నా దృష్టిలో వేగమే, మిగతావన్నీ దాని తర్వాతే. బోర్డు తిరగకపోవడానికి మీ కాళ్ళ తప్పు కంటే వేగం చాలకపోవడమే ఎక్కువ కారణం అయ్యుంటుంది. మెల్లగా పోయే బోర్డుని వంచితే ఆగిపోతుంది. మరి వేగం ఎక్కడి నుంచి వస్తుంది అంటే బోర్డు అడుగుభాగం నుంచి. పక్క నుంచి చూస్తే ముక్కు, తోక పైకి లేచి అరటికాయలా వంపు ఉంటుంది కదా, దాన్ని రాకర్ అంటారు. నిటారుగా లేచే పెద్ద అలల్లో ముక్కు నీళ్ళలో గుచ్చుకోకుండా ఆ వంపు కాపాడుతుంది. నడుమెత్తు అలల్లో ఆ వంపే నీటిని ముందుకి తోస్తూ మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. అందుకని రాకర్ తక్కువగా, దాదాపు చదునుగా ఉన్నది, ముక్కు, తోక రెండూ వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. మీరు చెప్పిన కొలతల్ని బట్టి చూస్తే అది ప్రొఫెషనల్స్ వాడే షార్ట్‌బోర్డు ఆకారానికి మెత్తటి తొడుగు వేసింది అయ్యుండొచ్చు. కొనే ముందు ఎవరైనా సరే పక్క నుంచి ఒకసారి చూడాలి.

పేరున్న సర్ఫర్ జేమీ ఓబ్రయన్ హవాయిలో పైప్‌లైన్ అనే పెద్ద అలల చోట సాఫ్ట్‌టాప్ మీద చేసిన విన్యాసాలు మీరూ చూసే ఉంటారు. సాఫ్ట్‌టాప్ నేర్చుకునేవాళ్ళ బోర్డు మాత్రమే కాదని జనం నమ్మడానికి ఆయన లాంటివాళ్ళే కారణం, అందులో సందేహం లేదు. కానీ అక్కడ తోసేది పైప్‌లైన్ అల. లా హోయాలో ఆగస్టు పొద్దున ఆ తోపుడు ఉండదు.

ఆకారం కోసం దూరం వెళ్ళక్కర్లేదు, ‘ఫిష్’ అనే బోర్డు మీ ఊరి సరుకే. 1967లో శాన్ డియాగోలోనే స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ళ మీద నడిపే బోర్డుగా దాన్ని తయారుచేశాడు. పొట్టిగా, వెడల్పుగా, చదునుగా, తోక రెండుగా చీలి, రెండు వెడల్పాటి ఫిన్లతో ఉంటుంది. చిన్న అలలకి ఇంతకంటే సరిపోయే ఆకారం నాకైతే తెలియదు. సాఫ్ట్‌టాప్ కంపెనీలు చాలావరకు ఇప్పుడు ఏదో ఒక రకం ఫిష్ అమ్ముతున్నాయి. ఆరున్నర అడుగుల పైన ఉన్న ఫిష్ దొరికితే మీ వెతుకులాట అక్కడితో ఆపేయొచ్చు.

సాఫ్ట్‌టాప్‌లో ఎక్కువమంది పట్టించుకోనిది బోర్డు వంగకుండా ఉండే బిగుతు. లోపల తేలికైన ఫోమ్, పైన మెత్తటి పొర, అడుగున జారే ప్లాస్టిక్ పొర, మధ్యలో నిలువునా చెక్కవో ఫైబర్‌గ్లాస్‌వో పట్టీలు, చవక బోర్డు నిర్మాణం ఇంతే. కాలితో నొక్కినప్పుడు ఆ బలం నీటికి చేరేలోపే బోర్డు వంగి సగం మింగేస్తుంది. ఖరీదైన వాటిలో లోపలి ఫోమ్‌కి ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ చుట్టి దాని మీద మెత్తటి పొర వేస్తారు. మీరు అదనంగా పెట్టే డబ్బుకి అర్థం ఉండేది ఇక్కడే, రంగుల్లోనూ, పేరున్న సర్ఫర్ల సంతకాల్లోనూ కాదు. షాపులో తోకని మీ బూటు మీద ఆనించి, ముక్కుని ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచేత్తో మధ్యలో నొక్కండి. కొద్దిగా వంగి వెంటనే వెనక్కి రావాలి. బద్ధకంగా వంగి నెమ్మదిగా లేస్తే పక్కన పెట్టేయండి. అలాగే తోక దగ్గర, పక్క అంచు అడుగుభాగంతో కలిసేచోట బొటనవేలితో తడమండి. చివరి అడుగు, అడుగున్నర మేర గీత గీసినట్టు పదునుగా తగలాలి. అక్కడ నీరు విడిపోతేనే బోర్డు పరిగెత్తుతుంది. గుండ్రంగా ఉంటే నీరు అంచుకి చుట్టుకుని పట్టి ఉంచుతుంది. నేర్చుకునే బోర్డుల్లో అంచు అలాగే ఉంటుంది, అందుకే అవి నిదానంగా, నమ్మకంగా పోతాయి.

ఫిన్లు మార్చుకునే వీలు తప్పకుండా ఉండాలి. డెక్ (బోర్డు పైభాగం) మీద గుండ్రటి ప్లాస్టిక్ స్క్రూ తలలు కనిపించాయంటే ఫిన్లు బోర్డు గుండా పైనుంచి కిందికి బోల్టు వేసి బిగించినవి, కొన్నాళ్ళకి వదులై ఊగుతాయి, పైగా ఆ కంపెనీ ఫిన్లే వాడాలి. అదే మామూలు గట్టి బోర్డులకుండే ఎఫ్‌సీఎస్ లేదా ఫ్యూచర్స్ బాక్సులు (ఫిన్లు బిగించే గాళ్ళు) ఉంటే ఆ బాక్సుకి సరిపోయే ఏ ఫిన్లైనా పెట్టుకోవచ్చు. మెత్తటి ప్లాస్టిక్ ఫిన్లు తీసి ఫైబర్‌గ్లాస్‌వి పెడితే తేడా మొదటి అలకే తెలుస్తుంది. ఒకే సైజు మూడు ఫిన్ల అమరిక 1980లో ఆస్ట్రేలియాలో సైమన్ ఆండర్సన్ తెచ్చాడు, అది అదుపు బాగా ఇస్తుంది. రెండో నాలుగో పెడితే చిన్న అలల్లో ఇంకొంచెం చురుగ్గా జారుతుంది. అయిదు బాక్సులున్న బోర్డు దొరికితే రెండూ చూడొచ్చు. కానీ గట్టి ఫిన్లు పెట్టిన రోజు మీ బోర్డు మెత్తటిది కాదని గుర్తుపెట్టుకోండి. పిల్లలతో దిగేటప్పుడు ప్లాస్టిక్‌వే బిగించండి. మెత్తటి ఫిన్లున్నా సరే అలలో తన్నుకొచ్చే బోర్డు తలకి తగిలితే చిన్న దెబ్బ కాదు, ఈ సంగతి మీ ఆవిడకీ చెప్పండి.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. ఇప్పుడున్న బోర్డు మీదే, లేచి నిలబడ్డాక వెనక కాలిని ఇంకా వెనక్కి, ఫిన్ల మీదకి జరపండి. ఎనిమిది అడుగుల బోర్డు మీద చాలామంది మధ్యలోనే నిలబడి భుజాలతో తిప్పాలని చూస్తారు, అక్కడి నుంచి అది తిరగదు. కాలు వెనక్కి జరిపి, ఎటు పోవాలో అటు చూసి, మడమల మీద గానీ వేళ్ళ మీద గానీ బరువు వేస్తే నిదానంగానైనా తిరుగుతుంది. ఆ కదలిక ఒంటికి అలవాటయ్యాక కొత్త బోర్డు ఎక్కితే వెంటనే ఫలితం కనిపిస్తుంది. లా హోయా షోర్స్ దగ్గర బోర్డులు అద్దెకిచ్చే షాపులున్నాయి, ఏడడుగులది ఒక పూట తీసుకుని చూడండి. టూర్మలీన్‌కి మాత్రం పాతదే పట్టుకెళ్ళండి, అక్కడి మెత్తటి అలలు లాంగ్‌బోర్డులవి, పొట్టి బోర్డుతో వెళ్తే దూరంగా కూర్చుని చూడటమే అవుతుంది. షోర్స్‌లో ఇసుక మీద కాళ్ళు ఈడుస్తూ నడవడం పిల్లలకి నేర్పారా? వేసవిలో అక్కడ స్టింగ్‌రేలు, అంటే తోకలో విషపు ముల్లుండే చేపలు, ఉంటాయి, అడుగుల అలికిడికి అవే తప్పుకుంటాయి.

ప్రశ్న: మాది విశాఖపట్నం. రుషికొండలో నేర్చుకుంటున్నాను, ఇంకా నురగ అలల్లోనే లేస్తున్నాను. సొంతంగా పొట్టి సాఫ్ట్‌టాప్ కొనుక్కుంటే త్వరగా వస్తుందా? మన ఎండకి ఇవి తట్టుకుంటాయా?

జవాబు: త్వరగా రాదు, ఆలస్యం అవుతుంది. నురగలో లేవడం ధీమాగా వచ్చి, విరగని పచ్చి అలని పట్టుకుని పక్కకి పోవడం అలవాటయ్యేదాకా ఎనిమిది అడుగులదే మీ బోర్డు. రుషికొండలో చాలా రోజులు కెరటం ఒడ్డుకి దగ్గరగా వచ్చి ఒక్కసారిగా కూలిపోతుంది, లేవడానికి దొరికే సమయమే తక్కువ. ఆ కాస్త సమయంలో పొట్టి బోర్డు మీద లేవాలంటే చాలా అనుభవం ఉండాలి. తెల్లవారుజామున గాలి పడుకుని ఉన్నప్పుడు వెళ్ళండి, ఎండెక్కాక సముద్రం మీది గాలి లేచి నీళ్ళని చిందరవందర చేస్తుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణం నుంచి అలల తాకిడి బాగా ఎక్కువ, లోపలికి లాగే ప్రవాహాలు కూడా ఎక్కువే. ఆ రోజుల్లో మీ శిక్షకుడు వద్దంటే వద్దు, బతిమాలకండి.

ఇక ఎండ. సాఫ్ట్‌టాప్‌కి మన దగ్గర పెద్ద శత్రువు అదే. లోపల చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచించి పై పొరని లేపేస్తుంది, డెక్ మీద బుడగలొస్తాయి, ఆ బుడగ మళ్ళీ అతుక్కోదు. ముదురు రంగు డెక్ ఇంకా త్వరగా వేడెక్కుతుంది, కాబట్టి తెలుపో లేతరంగో చూసుకోండి. మధ్యాహ్నం కారు మీద కట్టి వదిలేయడం, తలుపులు బిగించిన కారులో పెట్టడం రెండూ చేయకండి. నీళ్ళలోంచి రాగానే నీడలో, మంచినీళ్ళతో కడిగి పెట్టండి. విదేశాల నుంచి తెప్పిస్తే అంత పొడవాటి పెట్టెకి రవాణా ఖర్చే మోత మోగిస్తుంది. ముందు చెన్నై దగ్గరి కోవళం, మహాబలిపురం, కర్ణాటకలోని ముల్కి వైపు సర్ఫ్ స్కూళ్ళలో వాడిన బోర్డులు అమ్ముతారేమో అడగండి. వాడినది కొనేటప్పుడు అడుగు పొరలో అడ్డంగా మడత గీత ఉందా, లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) కట్టే చోట ఫోమ్ చీలిందా చూడండి. సైజుకి మించి బరువనిపిస్తే లోపల నీళ్ళు తాగిందని అర్థం, ఎంత చవకకి ఇచ్చినా వద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్ళు, 34 కిలోలు. ఆరెంజ్ కౌంటీలో ఉంటాం. ఆరడుగుల సాఫ్ట్‌టాప్ సరిపోతుందా? వ్యాక్స్ రాయాలా?

జవాబు: ఆరడుగులది భేషుగ్గా సరిపోతుంది, ఆ బరువుకి అది చాలా తేలుడు ఇస్తుంది, రెండు మూడేళ్ళు పనికొస్తుంది. హై పెర్ఫార్మెన్స్ రకం ఇప్పుడు అక్కర్లేదు కానీ ఫిన్ బాక్సులున్నది కొంటే తర్వాత మంచి ఫిన్లు పెట్టుకోవచ్చు. బోర్డు మరీ వెడల్పు లేకుండా చూడండి, చంకలో పట్టుకుని తనే మోసుకెళ్ళగలగాలి. డెక్ గరుకుగా ఉన్నా కాళ్ళు పెట్టేచోట కొద్దిగా వ్యాక్స్ రాయండి, మెత్తటి పొర తడిస్తే జారుతుంది. పొట్ట, మోకాళ్ళు ఒరుసుకుపోకుండా పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) తప్పనిసరి. లీష్ బోర్డంత పొడుగు ఉండాలి, అంతకంటే పొట్టిది కట్టకండి, పడ్డప్పుడు బోర్డు తిరిగొచ్చి తన మీదే పడుతుంది.