అటక మీది రికార్డులు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది కాకినాడ. నాన్నగారు కొన్న ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) ఒక 900, తాతగారి నాటి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం ప్లేట్లు, ఒక 200 ఉన్నాయండీ. ఇన్నాళ్ళూ ట్రంకు పెట్టెల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి అటక మీద ఉంచాం. మొన్న దించి చూస్తే పై అట్ట కవర్లకి బూజు, రెండు మూడు ఎల్పీలైతే వంగిపోయాయి. వచ్చే నెల ఫ్లాట్‌కి మారుతున్నాం, అక్కడ స్టీలు బీరువాలో సర్దేసి కలరా ఉండలు వేస్తే చాలా? ముందు ఒకసారి ఎండలో వెయ్యమని మా అత్తయ్య అంటున్నారు. - ఒక పాఠకురాలు

జవాబు: ఎండలో మాత్రం వెయ్యకండమ్మా. అప్పడాలకీ వడియాలకీ పనికొచ్చే పద్ధతి వీటికి పనికిరాదు, ఎల్పీ అంటే పీవీసీ ప్లాస్టిక్, వేడి తగిలితే మెత్తబడి వంగిపోతుంది, మీ అటక మీద జరిగిందీ అదే, మే నెలలో శ్లాబు కింద అటక ఎలా కాలుతుందో మీకు తెలుసు కదా, దానికి తోడు పైనున్న వాటి బరువు. అందుకే పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి, ఒకవైపు వాలిపోకూడదు, అలాగని ఇరికించకూడదు కూడా, ఒకటి లాగితే పక్కవి కదలకుండా వచ్చెయ్యాలి.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. అడుగు వెడల్పు అరలో ఎల్పీలు 70-80 పడతాయి, అవి 16-18 కిలోలు తూగుతాయి. మీ 900కి 12 అడుగుల అర కావాలి, అంటే 200 కిలోల పైమాటే. మామూలు బీరువా అర రేకు మధ్యలో కుంగిపోతుంది, పైగా తలుపులు మూసేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. నన్నడిగితే వడ్రంగితో 19 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో వెనక చెక్క లేని ర్యాక్ చేయించండి, అర ఎత్తు, లోతు రెండూ 13 అంగుళాలు, ప్రతి అడుగుకీ ఒక నిలువు చెక్క. నేల నుంచి నాలుగంగుళాలు ఎత్తులో, గోడకి మూడంగుళాలు ఎడంగా పెట్టండి, చెదలు వస్తే కంటికి కనబడతాయి. వాన కొట్టే బయటి గోడ, పడమటి కిటికీ రెండూ వద్దు. 78లు సైజులో చిన్నవి, ఎల్పీల మధ్య కలపకుండా వేరే అరలో నిలబెట్టండి.

కలరా ఉండలు కూడా వద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కి మంచిది కాదు. తేమ 50 శాతం లోపు ఉంటే బూజు రాదు, కాకినాడలో అది కష్టమే, కనీసం తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొనుక్కోండి, ముసురు పట్టిన రోజుల్లో ఆ గదిలో ఏసీనో, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయరో వెయ్యండి.

బూజు పట్టినవి ముందు వేరు చెయ్యండి, పక్కవాటికి అంటుకుంటుంది. మాస్కు పెట్టుకుని అట్టల్ని బయట నీడలో మెత్తటి బ్రష్‌తో దులపండి. ఎల్పీలని డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంటే గుండ్రంగా తుడవండి, మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. 78లకి స్పిరిట్ గానీ ఆల్కహాల్ ఉన్న ఏ లిక్విడ్ గానీ తగలనివ్వద్దు, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి, తాతగారి ప్లేటు ఒక్క తుడుపుతో పోతుంది. లోపలి కాగితం కవర్లు పాడైతే పాలిథీన్ ఇన్నర్లు వెయ్యండి, పీవీసీ కవర్లు వద్దు. అసలు అట్టలు మాత్రం చిరిగినా పారెయ్యకండి, పాడినవాళ్ళ పేర్లు, రికార్డు నంబర్లు వాటి మీద కూడా ఉంటాయి.

వంగినవాటిని ఇస్త్రీపెట్టెతో సరిచెయ్యబోకండి, కొద్దిగా వంగినవి చాలావరకు బాగానే పలుకుతాయి.

ఇల్లు మారేటప్పుడు చిన్న అట్టపెట్టెల్లో 40 చొప్పున నిలువుగా సర్దండి, పెద్ద పెట్టె అయితే కూలీలు మోయలేక జారవిడుస్తారు. 78లు గాజులా పగులుతాయి కాబట్టి లారీలో వెయ్యకుండా మీ కారులోనే తీసుకెళ్ళండి, దారిలో టిఫిన్‌కి ఆగితే మాత్రం ఎండలో అద్దాలు మూసి వదిలెయ్యకండి, ఎవరో ఒకరు కార్లోనే కూర్చోండి.