ఇంటి సంగతులు: రెండు సీసాలు కలపకండి

ప్రశ్న: అక్కా, మా బాత్రూమ్‌లో కుళాయిల చుట్టూ, టైల్స్ మీద తెల్లటి చారలు కట్టాయి. బ్లీచ్ పోసి తోమినా ఒక్క చార కదల్లేదు. ఇంకాస్త బలంగా ఉంటుందని అదే బకెట్‌లో టాయిలెట్ క్లీనర్ కూడా కలిపాను. ఒక్కసారిగా ఘాటు కొట్టి, కళ్లు మండిపోయి, దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాను. ఇంతకంటే బలమైన మందు ఏదైనా ఉందా? - ఓ పాఠకురాలు

జవాబు: చారల సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ముందు ఆ ఘాటు సంగతి చెప్పనివ్వండి. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఈ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. అది గాలికంటే బరువు, నేలబారున నిలుస్తుంది. కిటికీ మూసిన చిన్న బాత్రూమ్‌లో గొంతుక్కూర్చుని తోముతున్నవాళ్ల ముక్కుకే ముందు తగులుతుంది. మీరు పరుగెత్తి మంచి పని చేశారు. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే బకెట్ పారబోయాలని కూడా లోపలికి వెళ్లకండి. బయట గాలిలో ఉండండి, కళ్లు మండుతుంటే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడగండి. ఊపిరి పట్టేస్తున్నట్టున్నా, దగ్గు ఆగకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నా ఉద్యోగమంతా ఆసుపత్రి హౌస్‌కీపింగ్‌లోనే గడిచింది. కొత్తగా పనిలో చేరినవాళ్ల చేతికి బ్రష్ ఇచ్చేముందు సీసా మీద రాసింది చదివించేదాన్ని. విసుక్కునేవాళ్లు, అయినా చదివించేదాన్ని. బ్లీచ్‌లో వెనిగర్ కలిపినా క్లోరినే వస్తుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కలిపితే క్లోరమైన్లు వస్తాయి, అవీ ఊపిరితిత్తులకు చేటే. అంతెందుకు, మూత్రంలోనూ అమ్మోనియా ఉంటుంది కాబట్టి కమోడ్‌లో బ్లీచ్ పోసేముందు ఒకసారి ఫ్లష్ చేయండి.

ఇక చారలు. బ్లీచ్ క్రిముల్ని చంపుతుంది, రంగు మరకల్ని తెల్లబరుస్తుంది. మీ చారలు క్రిములూ కావు, రంగూ కాదు. నీళ్లు ఆరిపోయాక మిగిలిపోయిన ఉప్పు అది, ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. దాన్ని కరిగించేది పులుపు. గ్లాసు వేడినీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించండి, లేదా తెల్ల వెనిగర్ తీసుకోండి. పాత గుడ్డముక్క అందులో ముంచి కుళాయి మొదలుకు చుట్టి అరగంట వదిలేయండి. గుడ్డ విప్పేసరికి రాయిలా ఉన్న పొర సున్నంలా మెత్తబడి ఉంటుంది. నైలాన్ స్క్రబ్బర్‌తో నాలుగు రుద్దులు రుద్ది నీళ్లతో కడిగేయండి. స్టీలు పీచు వద్దు, మెరుగు గీసుకుపోతుంది. రాత్రంతా నానబెట్టడమూ వద్దు. షవర్ రంధ్రాలు మూసుకుపోతే ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి షవర్ తలకు కట్టి, కాసేపాగి విప్పండి.

మీ నేల పాలరాయి అయితే మాత్రం పులుపు దగ్గరికి రానివ్వకండి. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే, పులుపు చారతోపాటు రాయినీ తినేస్తుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి గుమ్మరించే అలవాటు కూడా మానండి. టైల్స్ మధ్య సందుల్లో ఉండేది సిమెంటు. దాన్ని యాసిడ్ కొరికేస్తుంది, ఆ గరుకులో మురికి మునుపటికంటే గట్టిగా పట్టుకుంటుంది. వంటసోడా, వెనిగర్ కలిపి బుసబుసా పొంగిస్తారే, చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ పొంగులో రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి.

అసలు చార కట్టకుండా ఉండాలంటే స్నానం అయ్యాక గోడ మీదా నేల మీదా వైపర్‌తో ఒక లాగు లాగండి. నీళ్లు అక్కడే నిలిచి ఆరిపోకుండా చూసుకుంటే ఉప్పు మిగలదు. సందుల్లో నల్లగా పట్టే బూజు కూడా తడి మీదే బతుకుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే స్నానం తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు తిరగనివ్వండి.

ప్రశ్న: అతిథుల గదిలోని బాత్రూమ్ ఎవరూ వాడరు. వారం వారం ఫినాయిల్ గుడ్డతో తుడుస్తున్నాను. అయినా తలుపు తీస్తే కంపు. ఎందుకమ్మా?

జవాబు: వాడకపోవడం వల్లే. నేలమీది జాలీ కింద ఒక వంపు ఉంటుంది, అందులో నిలిచిన నీళ్లే డ్రైనేజీ వాసన పైకి రాకుండా అడ్డుకుంటాయి. మీరు గుడ్డతో తుడిచి ఊరుకుంటున్నారు, లోపలి నీళ్లు ఎండిపోయాయి. జాలీ ఎత్తి వెంట్రుకల ముద్ద తీసేసి, బకెట్ నీళ్లు పోయండి. సింక్ కుళాయి కాసేపు వదలండి, కమోడ్ ఫ్లష్ చేయండి. వారానికోసారి ఇంతే చాలు. చాన్నాళ్లు ఊరు వెళ్తుంటే నీళ్లు పోశాక పైన రెండు చెంచాల నూనె వేస్తే త్వరగా ఆరవు. ఇది చేసినా వాసన పోకపోతే పైపు అతుకులు చూడాల్సింది ప్లంబరే.

ప్రశ్న: బకెట్, మగ్గు అంచుల్లో గులాబీ రంగు జిగురు పడుతోంది. నీళ్లలో తేడానా?

జవాబు: నీళ్లలో కాదు. ఎక్కువగా అది సెర్రేషియా అనే బ్యాక్టీరియా. సబ్బు, షాంపూ అవశేషాలు తిని తడిలో పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మామూలుగా హాని ఉండదు గానీ కాంటాక్ట్ లెన్సులు, గాయాలు దాని దగ్గరికి రానివ్వకండి. డిటర్జెంట్‌తో జిగురంతా తోమి కడిగాక, పలచటి బ్లీచ్ నీళ్లు పట్టించి పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి. జిగురు మీదే బ్లీచ్ పోస్తే సగం పని కూడా చేయదు. రాత్రిపూట బకెట్ బోర్లించండి, మగ్గును అందులో వేసి ఉంచకండి.

ప్రశ్న: మూత వేసి ఫ్లష్ చేయాలంటున్నారు, నిజమేనా?

జవాబు: వేయండి. ఫ్లష్ చేసినప్పుడు సన్నటి తుంపర్లు పైకి లేస్తాయి. మూత వేసినా సందుల్లోంచి కొన్ని వస్తాయి కాబట్టి పళ్లు తోముకునే బ్రష్‌లు కమోడ్ పక్కన పెట్టకండి. కమోడ్ తోమే బ్రష్‌ను తడిగా డబ్బాలో కుక్కేస్తారు చాలామంది. దాని కాడను సీటు కింద ఇరికించి, నీళ్లన్నీ కమోడ్‌లోకే కారిపోయాక డబ్బాలో పెట్టండి.