కలిసి గీసిన డిజైను ఒక్కరి పేరున నమోదైతే

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ కలిసి ఒక టేబుల్ ల్యాంపును డిజైన్ చేశాము. తొలి స్కెచ్‌లు నావి, కంప్యూటర్‌లో తుది రూపం తెచ్చింది ఆయన. ఇప్పుడు ఆయన దాన్ని తన ఒక్కరి పేరునే రిజిస్టర్ చేయించుకున్నారు. ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయించవచ్చా?

జవాబు: రద్దు కోరడం మీకే చేటు. డిజైన్ల చట్టం, 2000లోని 19వ సెక్షన్ కింద రద్దు కావాలంటే ఆ డిజైను కొత్తది కాదనో, ముందే ప్రచురితమైందనో మీరే నిరూపించాలి. నెగ్గితే ఆయన హక్కుతోపాటు మీ హక్కూ పోతుంది. పైగా, రిజిస్టర్ చేయించుకున్న వ్యక్తి అసలు యజమాని కాడన్నది ఆ సెక్షన్ పేర్కొన్న కారణాలలో లేదు. మీకు పనికొచ్చేది 31వ సెక్షన్. రిజిస్టరులో ఉండవలసిన నమోదు లేకపోవడం వల్ల, లేదా తగిన కారణం లేకుండా చేరిన నమోదు వల్ల బాధితులైనవారు దాన్ని సవరించమని కంట్రోలరుకు (డిజైన్ల రిజిస్ట్రేషన్ చూసే అధికారికి) దరఖాస్తు చేసుకోవచ్చు.

అసలు చిక్కు రుజువులో ఉంది. చట్టం దృష్టిలో డిజైను అంటే వస్తువులో కంటికి కనబడే ఆకృతి, అమరిక, అలంకరణ వంటివే. అది మౌలికం కావాలంటే దాన్ని రూపొందించినవారి నుంచే పుట్టి ఉండాలి. అందువల్ల ‘ఇలాంటి ల్యాంపు చేద్దాం’ అన్న ఆలోచన మీదే అయినా అది చాలదు. (ఆలోచనకు కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది.) మీ స్కెచ్‌లోని వంపు, కాండం, గొడుగుల పొందిక తుది రూపంలో గుర్తుపట్టగలిగేలా నిలిచి ఉంటే మీ వాదనకు బలం ఉంటుంది, ఆయన వాటిని పక్కనపెట్టి వేరే ఆకృతి తెచ్చి ఉంటే, నిక్కచ్చిగా చెప్పాలంటే, మీ కేసు బలహీనం. తేదీలున్న స్కెచ్‌లు, పరస్పరం పంపుకున్న ఈమెయిళ్లు, ఫైలు పాత వెర్షన్లు ఇప్పుడే భద్రపరచండి. ఆ స్కెచ్‌లకు ఆయన మీకు ప్రతిఫలం చెల్లించి తన కోసం గీయించుకుని ఉంటే మాత్రం యజమాని ఆయనే.

కాపీరైట్ చట్టాన్ని ఆశ్రయించాలనుకోకండి. రిజిస్టరైన డిజైనుకు ఆ చట్టం కింద కాపీరైట్ ఉండదని దాని 15వ సెక్షన్ చెబుతోంది.

ముందుగా మిత్రుడికి నోటీసు పంపండి. ఆయన ఒప్పుకుంటే, వాటాను రాతపూర్వకంగా మీకు బదిలీ చేయించుకుని, డిజైన్ల చట్టం 30వ సెక్షన్ ప్రకారం పత్రం రాసుకున్న 6 నెలలలోపు దాని నమోదుకు దరఖాస్తు చేయండి.