ఫోరింట్ జీతం, యూరో అప్పు, తాడేపల్లిగూడెంలో స్థలం

ప్రశ్న: నాలుగేళ్లుగా బుడాపెస్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం హంగరీ కరెన్సీ అయిన ఫోరింట్లలో. హంగరీకీ యూరోపియన్ యూనియన్‌కీ గొడవైనప్పుడల్లా ఫోరింట్ పడిపోతుందేమోనని భయం. వియన్నాలో ఉన్న మా బావమరిది తన పేరు మీద 30,000 యూరోల పర్సనల్ లోన్ తీసిస్తానన్నాడు, వడ్డీ తక్కువ. నెలకు 600 యూరోలు నేను కట్టుకోవాలి. దాంతో తాడేపల్లిగూడెంలో స్థలం కొనొచ్చా? చేతిలో నెలన్నర జీతం ఉంది.

జవాబు: వద్దు. ఫోరింట్ పడుతుందని భయపడుతూనే, ఫోరింట్ పడితే బరువెక్కే అప్పు నెత్తికెత్తుకుంటున్నారు. జీతం ఒక కరెన్సీలో, వాయిదా ఇంకో కరెన్సీలో. విదేశాల్లో ఉన్న మనవాళ్లు తరచూ చేసే తప్పే ఇది.

మీ పక్క ఫ్లాట్‌లో కాస్త వయసున్నవాళ్లెవరినైనా స్విస్ ఫ్రాంక్ అప్పుల గురించి అడగండి. వడ్డీ తక్కువని ఇళ్లకు ఫ్రాంక్‌లలో అప్పు తీసుకున్నారు. 2008 వేసవిలో 150 ఫోరింట్ల లోపున్న ఫ్రాంక్ 2011లో 240 దాటింది. చివరికి ప్రభుత్వమే దిగి 2015లో ఆ లోన్లను ఫోరింట్లలోకి మార్పించింది. మీ బావమరిది లోను కోసం ఏ ప్రభుత్వమూ దిగదు.

ఇక గొడవ సంగతి. ‘మా దేశం, మా ఇష్టం’ అంటూ హంగరీలో ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వం సార్వభౌమాధికార పరిరక్షణకు 2023లో చట్టమే చేసింది. బ్రసెల్స్ (అంటే యూరోపియన్ యూనియన్) అంతకుముందే, 2022 డిసెంబరులో, టెండర్లలో అవినీతి భయంతో 630 కోట్ల యూరోల నిధులు ఆపేసింది. శరణార్థుల కేసులో 2024 జూన్‌లో ఈయూ న్యాయస్థానం 20 కోట్ల యూరోల జరిమానా వేసింది, పైగా తీర్పు అమలు చేసేదాకా రోజుకు 10 లక్షలు. ఎవరిది న్యాయమో వాళ్లు తేల్చుకుంటారు. మీరు చూడాల్సింది మీ వాయిదా. 2022 మొదట్లో 360 అటూఇటూ ఉన్న యూరో అక్టోబరుకి 430 ఫోరింట్ల దాకా వెళ్లింది (యుద్ధం, గ్యాస్ ధరలూ కారణమే, అంతా బ్రసెల్స్ మీదకి తోయక్కర్లేదు). అప్పుడు ఈ లోను ఉండుంటే నెలకు 2,16,000 ఫోరింట్లు కట్టేవారు 2,58,000 కట్టాలి. ఆ 42,000 ఎక్కణ్నుంచి తెస్తారు, క్రెడిట్ కార్డు గీకా?

నన్ను అసలు కంగారు పెట్టింది ఆ నెలన్నర జీతం. హంగరీలో ఉండటానికి మీకున్న పర్మిట్ ఉద్యోగంతో ముడిపడింది. ఉద్యోగం పోతే అద్దె, టికెట్లు, ఇంటికి పంపే డబ్బు, అన్నీ ఒకే నెలలో మీద పడతాయి. ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి: మూడు నెలలది ఫోరింట్లలో, మిగతాది యూరోల్లో. అది నిండేదాకా స్థలం మాటెత్తొద్దు. ఆ తర్వాత మిగిలితే ఎన్ఆర్ఈ డిపాజిట్ (విదేశాల్లో ఉన్నవాళ్లు మన బ్యాంకుల్లో రూపాయల్లో వేసుకునేది) చాలు. అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ ఉందో లేదో రాయలేదు, లేకపోతే ఈ నెలే తీసుకోండి.

బావమరిదికి ఇవాళే ఫోన్ చేసి లోను వద్దని చెప్పండి. మొహమాటమైతే నా మీద పెట్టేయండి.