శాఖా గ్రంథాలయంలో పిల్లల కథలు, పెద్దల చర్చ: విశాఖలో ఎలా మొదలుపెట్టాలి, ఏం చదివించాలి?

మీ కాలనీ శాఖా గ్రంథాలయంలో నెలనెలా పిల్లలకొకటి, పెద్దలకొకటి కార్యక్రమం పెడదామనుకుంటున్నారు, లైబ్రేరియన్ గారు కూడా సరేనన్నారు, ఏ పుస్తకాలతో మొదలుపెట్టాలని అడిగారు. పేర్లు చెప్తాను గానీ, అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. కార్యక్రమం అయ్యాక వచ్చినవాళ్ల చేతిలో ఇంటికి తీసుకెళ్లే పుస్తకం ఉందా, లేదా? అది లేకపోతే ఎంతమంది వచ్చినా, ఎన్ని ఫొటోలు దిగినా లైబ్రరీకి ఒరిగేదేమీ లేదు. అందుకే గంటలో చివరి పావుగంట పుస్తకాలివ్వడానికే వదిలేయండి. ఆ టైములో ప్రసంగాలు వద్దు, వందన సమర్పణ వద్దు.

చెడేది సరిగ్గా ఇక్కడే. పిల్లలు సభ్యత్వం లేకుండా వస్తారు, డిపాజిట్టూ చిరునామా కాగితమూ తెచ్చి ఉండరు. పుస్తకం పోతే తనిఖీలో తనే జవాబు చెప్పుకోవాలని లైబ్రేరియన్ గారికి భయం. అది న్యాయమైన భయమే, తప్పుపట్టకండి. రెండు పనులు చేయండి. సభ్యత్వ ఫారాలు వారం ముందే ఇళ్లకు పంపించి, నింపినవి ఆ రోజు తీసుకోండి. రెండోది, లైబ్రరీ రిజిస్టరుకెక్కని పుస్తకాలు ముప్ఫై నలభై మీరే పోగుచేసి ఒక అట్టపెట్టెలో పెట్టండి. దానికో నోటుబుక్కు: పేరు, పుస్తకం నంబరు, తేదీ, అమ్మానాన్నల ఫోను. గడువు నెల, అంటే మళ్లీ కార్యక్రమం దాకా. జరిమానా పెట్టకండి. పెడితే పుస్తకం పోగొట్టిన పిల్లాడు మళ్లీ గుమ్మం ఎక్కడు.

రోజు సంగతి. చాలా శాఖా గ్రంథాలయాలకు సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచి ఉంటాయి కాబట్టి మీ నెత్తిన పాలు పోసినట్టే. కానీ పనివేళలు పొద్దుట కొంత, సాయంత్రం కొంతగా ఉంటాయి, ముందే అడిగి తెలుసుకోండి. పేపర్లు చదివే పెద్దల రద్దీ తగ్గాక తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలెడితే బాగుంటుంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు పొద్దుటే వచ్చి కూర్చుంటారు. వాళ్ల గదిలో కథలు చెప్పకండి, వరండాలోనో చెట్టు కిందో చెప్పండి. మైకు అసలే వద్దు. 'రెండో ఆదివారం' అని ఖాయం చేశాక ముగ్గురే వచ్చినా ఆపకండి. ఒక నెల వాయిదా వేస్తే జనానికి ఆ తేదీ గుర్తుండదు. అనుమతి కోసం లైబ్రేరియన్ గారి ద్వారా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఒక పేజీ ఉత్తరం చాలు: ఏ రోజు, ఎంతసేపు, ఎందరు, ఏ గది, రుసుము లేదు, పార్టీ బ్యానర్లు ఉండవు, బాధ్యులెవరు.

ఇక పిల్లలు. ఆరు నుంచి పదేళ్ల పిల్లలయితే, కథ చదివి వినిపించే ఒక్కో మనిషికి పదిహేను మంది మించకూడదు. అంతకుమించితే వెనక కూర్చున్నవాళ్లకి బొమ్మలు కనబడవు, బొమ్మ కనబడని పిల్లాడు పక్కవాణ్ణి గిల్లుతాడు. పుస్తకాన్ని ముఖానికి అడ్డం కాకుండా భుజం పక్కన, పేజీలు పిల్లల వైపు తిప్పి పట్టుకోండి. అలా పట్టుకుంటే అక్షరాలు మీకు ఏటవాలుగా కనిపిస్తాయి, అందుకే ఇంట్లో రెండుసార్లు పైకి చదివి రావాలి. చదవడం పన్నెండు నిమిషాలు దాటనివ్వకండి. 'ఈ కథలో నీతి ఏమిటి?' అని అడగనే వద్దు. ఆ ప్రశ్న పడగానే కథ పాఠమైపోతుంది. 'నువ్వయితే ఏం చేసేవాడివి?' అనండి చాలు.

నగరంలో ఇంగ్లీషు మీడియం పిల్లలతో అసలు ఇబ్బంది ఒకటుంది. తెలుగు గలగలా మాట్లాడతారు, ఒత్తులూ గుణింతాల దగ్గర మాత్రం ఆగిపోతారు. పదేళ్లవాడికి చదవడం రెండో తరగతి స్థాయిలో ఉందని అ-ఆల పుస్తకం ఇస్తే అవమానపడతాడు. తేలిక వాక్యాలతో, వయసుకు తగిన విషయంతో ఉన్నవి కావాలి: జంతువులు, యంత్రాలు, నవ్వులాట. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. నాలుగు స్థాయిలుంటాయి: మొదటిది 250 పదాల లోపు, రెండోది 600 లోపు, మూడోది 1500 లోపు, ఆ పైన నాలుగోది. ఈ పిల్లలకి రెండో స్థాయి సరిపోతుంది. పీడీఎఫ్ దించుకుని ఏ-ఫోర్ కాగితం మీద అడ్డంగా కలర్‌లో తీయించి స్పైరల్ వేయించండి. ఇవి స్వేచ్ఛా లైసెన్సు కథలు, రచయిత పేరూ బొమ్మలు వేసినవారి పేరూ తీసేయకుండా ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు. కొనేటట్టయితే నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుస, 'మంచి పుస్తకం' అనే సంస్థ ప్రచురణలు చవగ్గా వస్తాయి. పదకొండు దాటిన వాళ్లకి జపాన్ పుస్తకం 'తొత్తోచాన్' తెలుగు అనువాదం 'రైలుబడి' ఇవ్వండి. ఒక అధ్యాయం మీరు చదివి వినిపించి, మిగతాది ఇంట్లో చదువుకోమనండి.

పుస్తకం సూచించేటప్పుడు 'మీకు ఎలాంటివి ఇష్టం?' అంటే ఎవరూ చెప్పలేరు. 'ఈమధ్య వదలకుండా చదివింది ఏది, అందులో మిమ్మల్ని లాగింది ఏమిటి?' అని అడగండి. కథ పరుగు, మనుషులు, ఊరు, భాష, వీటిలో ఏదో ఒకటి చెప్తారు. దాన్నిబట్టి మూడు చేతిలో పెట్టండి: ఒకటి దానికి దగ్గరది, ఒకటి కొంచెం పక్కది, ఒకటి వంద పేజీల లోపుది. చాలామంది ఆ సన్నదే పట్టుకెళ్తారు, తిరిగొచ్చేదీ అదే. అరల మీద చిన్న అట్టముక్కలు గుచ్చండి: పేజీలెన్ని, ఎవరికి నచ్చుతుంది, రెండే వాక్యాలు. 'అద్భుతం', 'తప్పక చదవండి' లాంటి మాటలు ఎవరినీ కదిలించవు.

పెద్దల చర్చకి నవల పెట్టకండి. లైబ్రరీలో ఉండేది ఒక్క కాపీ, సగం మంది చదవకుండా వస్తారు, చదవనివాళ్లు సిగ్గుపడి మర్నెల మానేస్తారు. ఒక కథ తీసుకుని అక్కడే పైకి చదివి, తర్వాత మాట్లాడుకోండి. మొదటి నెలకి గురజాడ 'దిద్దుబాటు' (1910) బాగా కుదురుతుంది. చిన్నది, అందరికీ అభిప్రాయం ఉంటుంది, భర్తను దిద్దడానికి భార్య చేసిన పని సబబా కాదా అన్నదాని మీదే అరగంట గడిచిపోతుంది. గురజాడ 1915లో పోయారు. మన చట్టంలో కాపీరైటు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు, కాబట్టి ఈ కథని ధైర్యంగా జిరాక్సు తీసి పంచొచ్చు. రావిశాస్త్రి 1993లో పోయారు కాబట్టి ఆయన కథల్ని అలా పంచకూడదు, పుస్తకం కొని చదివి వినిపించాలి. వినిపించడానికి 'ఆరు సారా కథలు' మించినవి లేవు. వాటిలోని ఉత్తరాంధ్ర యాస విశాఖ చెవికి పేజీ మీదకన్నా గొంతులో బాగా పట్టుబడుతుంది. చదివేవాళ్లు ఈ ప్రాంతం వాళ్లయితే మరీ మంచిది. ఎవరో ఒకరే మాట్లాడేస్తుంటే, వరసగా అందరినీ తలో వాక్యం చెప్పమనండి.

విరాళం పుస్తకాలు వస్తాయి, పాత గైడ్లూ సిలబస్సు మారిన పుస్తకాలూ మర్యాదగా వెనక్కిచ్చేయండి. మిగిలినవాటిని పెట్టెలో పెట్టే ముందు వాసన చూడండి. సముద్రపు తేమకి ఇక్కడ బూజు త్వరగా పడుతుంది. బూజు ఉన్నవి విడిగా తీసి, మాస్కు కట్టుకుని బయట మెత్తటి బ్రష్షుతో దులిపి, నీడలో ఫ్యాను గాలికి రెండ్రోజులు తెరిచి నిలబెట్టండి. మండుటెండలో పెడితే అట్ట వంగిపోతుంది. తడి పూర్తిగా ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే బూజు ఇంకా పెరుగుతుంది. పిల్లలు తీసే పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేయకండి. అరని గోడకి ఆనించకుండా బెత్తెడు ఖాళీ వదలండి, తుపాను రోజుల్లో కింది అర ఖాళీగా ఉంచండి.

కొత్త పుస్తకాల కోసం మొహమాటపడకండి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమే కడుతున్నాం. కావాల్సినవి పేరు, రచయిత, ప్రచురణకర్త, ధరతో రాసి పాఠకుల సంతకాలతో ఇవ్వండి. ఒకరి సంతకం కన్నా ఇరవై మందివి బరువు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఎలాగూ పోటీలు పెడతారు, బడిపిల్లలంతా వస్తారు. అక్టోబరులోనే లైబ్రేరియన్ గారితో మాట్లాడి, బహుమతుల బల్ల పక్కనే సభ్యత్వ ఫారాలూ మీ అట్టపెట్టే పెట్టించండి.